సముద్రానికి హైసా నేర్పిన పోలేరి

సముద్రానికి కాళ్ళు లేవు కదా, మరి ఒడ్డుకి ఎందుకు పరిగెత్తుకొస్తుంది? సరే, వచ్చింది. కాసేపు కూర్చోవచ్చు కదా, వెంటనే వెనక్కి ఎందుకు పోతుంది? గాలి అంటారా? ఆకు కదలని రోజున కూడా వస్తుందే! చెప్పండి మరి!

తెలీదా? అయితే వినండి.

ఒకప్పుడు సముద్రానికి అలలు లేవు. ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. గిన్నెలో తోడుకున్న పెరుగులా కదలకుండా పడి ఉండేది. అన్ని నీళ్ళుండీ చప్పుడు చేయడం రాదు!

చేపలకి వెళ్ళేవాళ్ళు తెప్ప మీద నిలబడి, పొడుగాటి గెడతో నెట్టుకుంటూ లోపలికి పోయేవాళ్ళు. వల నిండాక తెప్ప బరువెక్కేది. ఇక గెడ పనిచేసేది కాదు. తెప్పకి కట్టిన తాడు పట్టుకుని ఒడ్డునున్నవాళ్ళు లాగితేనే తిరిగి రావడం.

గవ్వలపాలెం అనే ఊళ్ళో ఆ తాడు దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. తాడు లాగేటప్పుడు ఎవరూ పాడకూడదు. పాడితే చేపలు బెదిరి పారిపోతాయట! ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. ఊరిపెద్ద మసేను తాత చిన్నప్పుడు ఎవరో కూనిరాగం తీశారట, ఆ రోజు వల ఖాళీగా వచ్చిందట. అంతే. ఒక్క ఖాళీ వలని చూసి ఊరంతటి నోటికీ తాళం వేసేశారు!

పాట లేదు కాబట్టి ఎవరికి తోచినప్పుడు వాళ్ళు లాగేవాళ్ళు. నూకయ్య లాగితే ఎర్రమ్మ చెమట తుడుచుకునేది. ఎర్రమ్మ లాగితే నూకయ్య దగ్గేవాడు. వల ఒక పక్కకి ఒరిగిపోయేది. చేపలు రెండో పక్కనుంచి నింపాదిగా ఇళ్ళకి పోయేవి.

అప్పుడు మొదలయ్యేవి తిట్లు.

“నీ సేతులకి ఏటొచ్చింది నూకయ్యా? తాడు పట్టుకున్నావా, దండెం మీద బట్ట పట్టుకున్నావా?”

“నువ్వు పట్టుకున్నావులే ఎర్రమ్మా! నీ బరువు కూడా కలిపి లాగుతున్నాను నేను!”

ఎర్రమ్మ కూతురు పోలేరి. ముందుపళ్ళు ఊడి ఇంకా రాని పిల్ల. ఒకరోజు మసేను తాతని అడిగింది.

“తాతా, సేపలు పాటకి బెదురుతాయా?”

“బెదురుతాయే.”

“మరి తిట్లకి బెదరవా?”

తాత చెయ్యి విదిలించాడు. “పెద్దలకి ఎదురు సెప్పకే గుంటా! ఎల్లి ఆడుకో!” అన్నాడు.

జవాబు దొరకనప్పుడు పెద్దవాళ్ళు చెప్పే జవాబు అదే కదా!

పోలేరి వెళ్ళి ఆడుకుంది. పిల్లల ఆట ఏమిటంటే, తాటిమట్టకి తాడు కట్టి, దాని మీద ఒకర్ని కూర్చోబెట్టి ఇసకలో లాగడం. పోలేరి పాట అందుకునేది. మిగతా పిల్లలు “హైసా!” అనేవాళ్ళు. హైసా అన్నప్పుడే లాగడం, మధ్యలో ఊపిరి తీసుకోవడం. తాటిమట్ట ఇసకలో జారిపోయేది. ఒక్క తిట్టూ ఉండేది కాదు.

ఒక ఉదయం పోలేరి నాన్న గురయ్య తెప్ప వేసుకుని లోపలికి వెళ్ళాడు. ఆ రోజు వల ఎప్పుడూ లేనంతగా నిండింది. ఇక లాగమని గురయ్య గుడ్డ ఊపాడు. అందరూ తాడు లాగారు. ఒకరు ఇటు, ఒకరు అటు, ఒకరు ముందు, ఒకరు వెనక. తెప్ప రాలేదు. తాడు పోచలు మాత్రం ఒక్కొక్కటే టప్ టప్‌మని తెగసాగాయి.

తాడు తెగితే గురయ్య ఇక రాడు.

పోలేరి నీళ్ళ దగ్గరకి పరిగెత్తింది. “సముద్రమా! మా అయ్యని వదులు!”

“నేనెక్కడ పట్టుకున్నాను పిల్లా?” అంది సముద్రం. “నాకు కదలడం రాదు.”

“నేర్చుకోవచ్చు కదా!”

“ఎవరు నేర్పారు? ఇన్నేళ్ళుగా మీ తిట్లు వింటున్నాను. తిట్లు వింటే ఎవరికైనా ఒళ్ళు బిగుసుకుపోతుంది గానీ కదులుతుందా?”

పోలేరి వెనక్కి వచ్చి తాడు పట్టుకుంది. గొంతెత్తింది.

“లాగరో లాగు!”

ఆడుకుంటున్న పిల్లలందరూ పరిగెత్తుకొచ్చి తాడు చివర పట్టుకున్నారు. “హైసా!”

“అయ్య తెప్ప రావాల!”

“హైసా!”

“నోరు ముయ్యండి!” మసేను తాత అరిచాడు. “సేపలు ఎల్లిపోతాయి!”

“పోతే పోనీ తాతా! నాకు సేపలొద్దు, మా అయ్య కావాలి!”

ఆ మాట విని ఎర్రమ్మ తాడు గట్టిగా పట్టుకుంది. తర్వాత పిల్లలతో కలిసి “హైసా!” అంది. పక్కనే నూకయ్య కూడా అన్నాడు. అన్ని చేతులూ ఒక్కసారే లాగాయి. వంకర్లు పోయిన తాడు నిటారుగా సాగింది. పోచలు తెగడం ఆగింది. బిగుసుకున్న మొహాలు మెల్లగా విచ్చుకున్నాయి.

“పిల్లా!” సముద్రం పిలిచింది. “నా కడుపులో ఏదో కదులుతోంది. నొప్పి కాదు. హాయిగా ఉంది. ఏమిటది?”

“అదే పాట! హైసా అన్నప్పుడు నువ్వూ ఇటు తొయ్యి! తర్వాత ఊపిరి తీసుకో!”

“ఊపిరికి ఎక్కడికి పోను?”

“వెనక్కి పోవే! మళ్ళీ రా!”

సముద్రం నడుం వంచింది. అప్పుడే పుట్టిన దూడ లేచినట్టు తడబడుతూ ఒక చిన్న అల లేచింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకా పెద్దది. ఒడ్డున హైసా, నీళ్ళలో హైసా! గురయ్య తెప్ప తేలుతూ వచ్చి ఇసకలో ఆగింది. పోలేరి ఒక్క ఉరుకున అయ్య మెడకి చుట్టుకుంది.

మసేను తాత వలలోకి వంగి చూశాడు. నిండుగా ఉంది.

“ఒక్క సేపా బెదరలేదే!”

“నువ్వే బెదిరావు తాతా,” అంది పోలేరి.

తాత ఇసకలో చతికిలబడ్డాడు. కోపం రాలేదు. కళ్ళు తడిశాయి. “ఇంకోసారి పాడవే తల్లీ. నాకు మాటలు తెలీవు” అన్నాడు.

“నేర్పుతాను, నా ఎనకాలే అను.”

అందరూ ఇళ్ళకి బయల్దేరారు. “తాడు లాగడం అయిపోయింది కదా, ఇక నేను ఆగిపోనా?” అని సముద్రం అడిగింది.

“ఆగితే మర్చిపోతావు. అంటూనే ఉండు!” అని పోలేరి చెయ్యి ఊపింది.

అప్పటినుంచి సముద్రం ఆగలేదు. హైసా అంటూ ఒడ్డుకి వస్తుంది, ఊపిరి తీసుకోవడానికి వెనక్కి పోతుంది, మళ్ళీ వస్తుంది.

పిల్లలూ, పాడటం మానేసిన పెద్దవాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటారు. వాళ్ళ చెయ్యి పట్టుకోండి. ఈ పూటే ఒక పాట మీరు ఎత్తుకోండి. వాళ్ళు గొంతు కలిపేదాకా వదలకండి!