పైడమ్మ కాలువలో మబ్బులు

ఏరూ సముద్రమూ ఊసులాడుకునే చోట ఒక దొరకు రొయ్యల చెరువు ఉండేది. రొయ్యల రెట్టతో, మిగిలిన మేతతో మురికైన నీళ్లు, సముద్రం వెనక్కి తగ్గే పాటుకు, పక్కనే ఉండే పైడమ్మ అనే పేదరాలి కాలువలోకి దిగేవి. అక్కడ ఆమె తాళ్లకు వేలాడదీసిన ఆలుచిప్పలూ, అడుగున నాచూ ఆ మురికినే తిని బతికేవి. తేటపడిన నీళ్లు పోటుకు మళ్లీ చెరువెక్కేవి. ఆ తేటలో మబ్బులు ఈదుతుంటే పైడమ్మ మైమరచి చూసేది.

ఒకనాడు దొర వచ్చి, "నా చెరువులోది తినే కదే నీ చిప్పలు బలిశాయి! అన్నీ నావే. రేపు బండి పంపుతా," అన్నాడు.

ఆ చిప్పలే పైడమ్మకు కూడు. నీళ్లలో మబ్బుకేసి కాసేపు చూసి, "నిజమే బాబయ్యా. తమ సొమ్ము తమకే పంపేస్తాను," అంది మెల్లగా.

దొర మీసం దువ్వుకుంటూ పోయాడు. ఆమె తాళ్లూ నాచూ తీసి పక్క మడుగులో దించింది. ఆ రాత్రి పోటుకు మురికి మురికిగానే చెరువెక్కింది. తెల్లారేసరికి రొయ్యలు ఊపిరాడక పైకి తేలాయి.

దొర పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేశావే?"

"నా చిప్పలు తినే తమ సొమ్మే బాబయ్యా. చిటికెడు కూడా ఉంచుకోకుండా పంపేశాను."

"చిప్పలు నీవేనే తల్లీ! ముందు ఆ తాళ్లు మళ్లీ కాలువలో దించు!"

పైడమ్మ దించింది. మబ్బులు ఒక్కటొక్కటే కాలువలోకి తిరిగొచ్చాయి.