పొగ ఎటు పోయింది?

రేసుకుక్కలతో యుద్ధం అయిపోయాక నల్లకొండ అడవిలో అందరికీ పని తగ్గింది, ఒక్క నక్కకి తప్ప. యుద్ధంలో ఒళ్లు చెడినవాళ్ల బాగోగులు చూసే కొలువు సుంకన్న అనే నక్కకి దక్కింది. అతను వాగు ఒడ్డున ఒక చదును బండ చూసుకుని దాని మీద కూర్చునేవాడు. బండ మీద మద్ది చెట్టు నీడ పడేది. కింద నిలబడి మొరపెట్టుకునేవాళ్లకి మాత్రం ఎండే.

అడవి చట్టం మంచిదే, దాన్ని తప్పుపట్టడానికి లేదు. యుద్ధంలో ఒళ్లు చెడినవాళ్లు మేత కోసం కొండ ఎక్కనక్కర్లేదు. వాగు పక్కన చల్లటి తావు ఒకటి వాళ్లకి ఇవ్వాలి, మిగతావాళ్లు వంతులు వేసుకుని అక్కడికే పచ్చగడ్డి తెచ్చి పెట్టాలి. కాలు విరిగిన దుప్పికి ఇచ్చారు. చెవి తెగిన కుందేలుకీ ఇచ్చారు, అది చెవితో మేస్తుందా అని ఎవరూ అడగలేదు. చిక్కల్లా పైకి కనిపించని జబ్బులతోనే వచ్చింది.

ఓబులేసుది కనిపించని జబ్బు. అతనొక కంచరగాడిద, యుద్ధమంతా బరువులు మోశాడు. రేసుకుక్కలు సరిహద్దు దాటి రాకుండా సేనాపతి పెద్దపులి అప్పట్లో ఒక ఉపాయం పన్నాడు. సరిహద్దు దగ్గర పెద్ద గొయ్యి తవ్వించి, కార్చిచ్చు నుంచి నిప్పు తెప్పించి, అందులో పగలూ రాత్రీ గన్నేరు కొమ్మలూ నల్లజీడి కట్టెలూ కాల్పించాడు. ఆ పొగ తగిలితే కళ్లు మండుతాయి, ఒళ్లు పొక్కుతుంది, ఊపిరాడదు. రేసుకుక్కలు నిజంగానే ఆగిపోయాయి. ఆ కట్టెలు మోసి గొయ్యిలో పడేసింది ఓబులేసూ, అతని జతగాడు పుల్లన్నా. గాలి ఎటు తిరిగితే పొగ అటు పోతుంది గనక అందులో సగం వీళ్లే పీల్చారు. అప్పట్లో వీళ్లు దగ్గుతూ కట్టెలు మోస్తుంటే సేనాపతి భుజం తట్టి మెచ్చుకునేవాడు.

యుద్ధం అయిపోయింది, దగ్గు అయిపోలేదు. ఓబులేసు నాలుగడుగులు ఎగువకి వేస్తే ఆగి రొప్పుతాడు. ఎండాకాలంలో కింద గడ్డంతా మాడిపోయి పచ్చిక కొండ మీదే మిగులుతుంది. ఎండలు ముదిరేలోగా వాగు పక్క తావు దొరక్కపోతే అతను ఆకలితో పోతాడు. ఆ సంగతి అతనికీ తెలుసు, సుంకన్నకీ తెలుసు.

మొదటిసారి వెళ్లినప్పుడు సుంకన్న అతని చుట్టూ తిరిగి చూసి, ఎక్కడా గాయం లేదే అన్నాడు. దగ్గు వయసు మీద పడితే అందరికీ వస్తుందన్నాడు. రెండోసారి, ఆ గొయ్యి ఎక్కడుందో చూపించమన్నాడు. ఓబులేసు రొప్పుకుంటూ అంత దూరం తీసుకుపోతే అక్కడ గొయ్యి లేదు. వానలకి పూడిపోయి పైన పచ్చగా గడ్డి మొలిచింది. ఇంత పచ్చటి చోట విషముందంటే వినేవాళ్లు నవ్వుతారని సుంకన్న మెల్లగా మందలించాడు. మూడోసారి సాక్షిని తెమ్మన్నాడు. ఉన్న సాక్షి పుల్లన్న ఒక్కడే. సాక్ష్యం చెప్పడానికి బయల్దేరిన పుల్లన్న దారిలో ఎత్తు దగ్గర ఆగి, దగ్గి, మళ్లీ లేవలేదు. ఆ మాట చెబితే సుంకన్న అయ్యో అన్నాడు. చచ్చిపోయినవాళ్ల సాక్ష్యం చెల్లదని కూడా అన్నాడు.

చివరికి తీర్పు చెప్పిన రోజు అతని గొంతు తేనె పూసినట్టుంది.

"చూడు ఓబులేసా. పొగ శత్రువుల వైపు పోవాలని సేనాపతి ఆజ్ఞ. పొగ ఆజ్ఞ ప్రకారమే పోయింది, శత్రువులు ఆగినారు, మనం గెలిచినాము. నీకు పొగ తగిలిందంటే నువ్వు శత్రువుల పక్కన ఉండాల. ఉన్నావా?"

"లేను సామీ."

"అయితే పొగ తగల్లేదు. ఇంక పోయిరా."

ఓబులేసు తిరుగుదారిలో చాలాసేపు నిలబడిపోయాడు. కోపం రావాల్సిన చోట అతనికి నిద్ర వచ్చింది. మనిషైనా జంతువైనా ఒకే గడప చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే అంతే, చివరికి న్యాయం కంటే కాసేపు పడుకోవడమే పెద్ద కోరికైపోతుంది. సుంకన్న లాంటివాళ్లకి కావలసిందీ అదే.

పొరుగున రంగమ్మ అని ఒక మేక ఉండేది. ఆమె నోటికి రెండు పనులు, నమలడం, నిలదీయడం. అడవికి పెద్దదిక్కయిన ఏనుగు పెద్దమ్మ దగ్గర అప్పీలు చేసుకొమ్మని ఆమె ఓబులేసు వెంట పడింది.

"నాతో కాదు రంగక్కా. మళ్లీ నిలబడి మొదట్నుంచి అదే కథ చెప్పాలంటే, దగ్గు కంటే అదే ఎక్కువ కష్టంగా ఉంది" అన్నాడు ఓబులేసు.

చచ్చేదాకా చెప్పకుండా కూర్చుంటే సుంకన్న బండ మీద హాయిగా కాళ్లు చాపుకుంటాడని ఆమె దెప్పింది. ఓబులేసు కళ్లు మూసుకున్నాడు. సుంకన్నని తిట్టి లాభం లేదన్నాడు. ఆయన కూడా యుద్ధంలో ఆ శిబిరంలోనే ఉన్నాడని, సామాన్లకి కాపలాగా ఉండేవాడని, గొయ్యి వెనక దిబ్బలోనే ఆయన బొరియ ఉండేదని చెప్పాడు. "ఆయనకి దగ్గు రాలేదు గదా. మా ఒళ్లే అంత గట్టివి కావేమో."

రంగమ్మ నమలడం ఆపింది. "బొరియ వాకిలి ఎటు పక్క?"

"గొయ్యి పక్కే. తర్వాత మూసేసినాడు. వెనక పక్క ఇంకోటి తవ్వుకున్నాడు. ముక్కంతా బురద పూసుకొని తిరుగుతా ఉంటే నేనూ పుల్లన్నా చూసి నవ్వుకున్నాము."

"ఈ మాట ఎప్పుడూ చెప్పలేదే నువ్వు."

"చెప్తే ఏమైతుంది? ఆయన కాదంటాడు. బొరియలన్నీ వానకి కూలిపోయినాయి. నక్క మాట ముందర గాడిద మాట యాడ నిలుస్తుంది?"

"నువ్వు చెప్తే వాడు కాదంటాడు. వాడే చెప్తే?"

"వాడెందుకు చెప్తాడు?"

"గొప్పగా ఉంటే ఎవరైనా చెప్తారు" అంది రంగమ్మ. రేపు పెద్దమ్మ ముందర వాడితో వాదించవద్దని, పొగడమని, అది కూడా ఒక్క మాటలోనే పొగడమని నేర్పింది. వాదించడానికి ఎలాగూ ఊపిరి లేదు కాబట్టి ఓబులేసు సరేనన్నాడు.

మర్నాడు పొద్దున మడుగు దగ్గర అడవి అడవంతా పోగయింది. పెద్దమ్మ ఒంటి మీద నీళ్లు చల్లుకుంటూ తీరిగ్గా వచ్చింది. ఆమెకి చూపు తగ్గింది గాని వినికిడి తగ్గలేదు. ముందు సుంకన్నని చెప్పమంది.

సుంకన్న బాగా మాట్లాడాడు. ఓబులేసు మీద తనకెంత జాలో చెప్పాడు. జాలి వేరు, చట్టం వేరు అన్నాడు. దగ్గిన ప్రతివాడికీ తావు ఇచ్చుకుంటూ పోతే గడ్డి మోసేవాళ్లు మిగలరని భయపెట్టాడు, ఆ మాటకి చాలామంది తలలూపారు. ఆఖరున లేచి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నేనూ ఆ శిబిరంలోనే ఉన్నాను. వీళ్లు కట్టెలేసిన గొయ్యికి వెనకే నా బొరియ. వీళ్లున్నన్నాళ్లూ నేనూ ఉన్నాను. నిజంగా ఆ పొగ మన పక్కకి వచ్చి ఉంటే నాకూ దగ్గు రావాల గదా. చూడండి."

అని గుండెల నిండా గాలి పీల్చి ఒక ఊళ వేశాడు. ఊళ కొండ అవతలకి పోయి తిరిగొచ్చింది. చిన్న జంతువులు కొన్ని మెచ్చుకోలుగా చూశాయి. నిజానికి అది గట్టి వాదన. విన్నవాళ్లలో ఓబులేసు మీద ఇష్టమున్నవాళ్లు కూడా నేల చూపులు చూశారు.

పెద్దమ్మ ఓబులేసు వైపు తిరిగి, నువ్వేమంటావు నాయనా అని అడిగింది. రంగమ్మ వెనక నుంచి కొమ్ముతో మెల్లగా పొడిచింది. ఓబులేసు ముందుకొచ్చి, వచ్చిన దగ్గంతా దగ్గి, సుంకన్న ముందు తల వంచాడు.

"మీరు చెప్పింది నిజమే సామీ. నేను ఉత్త మొద్దును. పొగ వస్తే నిలబడి పీల్చినాను. మీకున్న తెలివి నాకుంటే ఈ గతి పట్టేది కాదు. అంత పొగలో మీరు చెక్కు చెదరకుండా ఎట్ల బయటపడినారో కొంచెం చెప్పండి. ఇంకో యుద్ధమొస్తే వెనకొచ్చేవాళ్లకన్నా పనికొస్తాది."

సుంకన్న ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించాల్సింది. కానీ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. యుద్ధమంతా సామాన్ల దగ్గర కూర్చున్నవాణ్ణి, యుద్ధంలో నువ్వేం చేశావని ఎవరూ అడగరు. దుప్పికి చెప్పుకోవడానికి విరిగిన కాలుంది, కుందేలుకి చెవుంది. సుంకన్నకి ఏమీ లేదు. ఇన్నాళ్లకి ఒకడు, అదీ అడవి అంతటి ముందు, చేతులు కట్టుకున్నట్టు నిలబడి నీ ఘనత చెప్పమని అడిగాడు. సుంకన్న తోక దానంతటదే పైకి లేచింది.

"దానికి బుర్ర ఉండాల ఓబులేసా. శిబిరానికి పోయిన మొదటి వారంలోనే నేను కనిపెట్టినాను. గొయ్యి పక్కనున్న వాకిలి మట్టితో మెత్తి మెత్తి మూసేసినాను, చీమ దూరే సందు లేకుండా. వెనక పక్క కొత్తది తవ్వుకున్నాను. ఇంక పొగ యాడ నుంచి వస్తుంది? లోపల హాయిగా నిద్రపోయేవాణ్ణి. మీరేమో కళ్లు నులుముకుంటా..."

అంటూ నలుగురూ నవ్వుతారేమోనని చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. తను ఏమన్నాడో అప్పుడు అతనికి వినిపించింది.

"సుంకన్నా," అంది పెద్దమ్మ, "పొగ శత్రువుల పక్కకే పోయిందంటివే. నీ బొరియ ఎటు పక్క ఉన్నింది?"

"మన పక్కే పెద్దమ్మా."

"మరి వాకిలి దేనికి మూసినావు?"

సుంకన్న దుమ్ము అన్నాడు, ఎండ అన్నాడు, చలిగాలి అన్నాడు. ఇంక పొగ యాడ నుంచి వస్తుందన్న మాట తన చెవితో విన్నానంది పెద్దమ్మ. ఇంకొక్క ప్రశ్న ఉందని, దానికి తిన్నగా జవాబు చెప్పమని అంది.

"వాకిలి మూసుకున్న రోజు, బయట కట్టెలు మోస్తున్న ఇద్దరికీ ఒక మాట చెప్పినావా?"

"చెప్పడం నా పని కాదు పెద్దమ్మా. నా పని సామాన్లు చూసుకోవడం."

అతను అబద్ధమాడలేదు. ఆ రోజంతటిలో అతను చెప్పిన నిజాల్లో అందరినీ ఎక్కువగా బాధపెట్టింది అదే. ఓబులేసుకి గెలిచానన్న ఆలోచనే రాలేదు. ముక్కుకి బురద పూసుకుని తిరిగిన నక్కా, దాన్ని చూసి పడీపడీ నవ్విన పుల్లన్నా గుర్తొచ్చారు. నవ్వే బదులు ఎందుకు మూస్తున్నావని అడిగి ఉంటే పుల్లన్న బతికుండేవాడేమో.

పెద్దమ్మ తీర్పు చెప్పింది. ఓబులేసుకి వాగు పక్క తావు, రోజూ పచ్చగడ్డి. సుంకన్న బండ దిగాలి. కనిపించని జబ్బుతో వచ్చి ఉత్త చేతులతో తిరిగిపోయిన ప్రతివాడి దగ్గరికీ తనే నడిచి వెళ్లి, మీ మొర నిజమేనని తన నోటితో చెప్పి రావాలి. గడ్డి మోసే వంతుల్లో మొదటి వంతు కూడా అతనిదే.

"పుల్లన్న మాటేంది పెద్దమ్మా?" అని అడిగాడు ఓబులేసు.

"చచ్చిపోయినవాళ్లకి గడ్డి పెట్టే చట్టం మనకి లేదు నాయనా. వాణ్ణి చంపింది ఆ పొగేనని అందరి ముందరా చెప్తున్నాను. నేను చేయగలిగింది ఇంతే" అంది. ఆమె కూడా అలసిపోయినట్టు కనిపించింది.

ఆ సాయంత్రం సుంకన్న నోట కరుచుకుని గడ్డి తెచ్చాడు. మాంసం తినే నోరు కదా, పసరు చేదుకి మొహమంతా వికారంగా పెట్టుకున్నాడు. మోపు కింద పడేసి, నువ్వు పొగిడి మోసం చేశావని నిష్ఠూరమాడాడు. ఓబులేసు గొడవ పెట్టుకోలేదు. "నేనడిగింది ఒక్క మాటే సామీ. అది మీరు ఆ రోజే చెప్పి ఉంటే ఈ రోజు నేను అడిగే పని లేదు" అన్నాడు. సుంకన్న తర్వాతి జబ్బువాడి దగ్గరికి కొండ ఎక్కడం మొదలుపెట్టాడు. పైదాకా ఎక్కేసరికి అతనికీ ఆయాసం వచ్చింది.

ఓబులేసు గడ్డి తిన్నాడు. మధ్యలో ఆగి దగ్గాడు, మళ్లీ తిన్నాడు. తావు దొరికింది గాని గుండెల్లో మంట అలాగే ఉంది, అది ఏ తీర్పుకీ పోయేది కాదు. సగం అయ్యాక మిగతా సగం ఎడమ పక్కకి నెట్టి పెట్టాడు. జత కట్టిన రోజుల్లో పుల్లన్న నిలబడే పక్క అది. రంగమ్మ వచ్చి ఆ గడ్డి చూసింది. ఎదురుగా పచ్చిక ఉండగా మేక ముట్టకుండా కూర్చోవడం ఆ అడవిలో ఎవరూ చూసి ఉండరు, ఆ సాయంత్రం ఆమె ముట్టలేదు.

నీతి: తన వాకిలి ముందుగా మూసుకున్నవాడికి పొగ సంగతి అందరికంటే ముందే తెలుసు.