పంచదార లేని టీ

నర్సింగ్ చదువుతున్న చంద్రావతికి శనివారం గండం. మానసిక వార్డులోని వరహాలమ్మ గురించి ఆ రోజు క్లాసులో మాట్లాడాలి. నోట్సు మధ్యలో నిలువుగా గీత కొట్టి రెండు పద్ధతులూ రాసుకుంది. ఎడమవైపు అస్తిత్వవాద చికిత్స: మనిషి తన దారి తానే ఎంచుకోవాలి, ఆ బరువు తానే మోయాలి. కుడివైపు వ్యక్తికేంద్రిత చికిత్స: మనిషిని ఉన్నట్టే ఒప్పుకో, విను, దారి చూపకు.

వరహాలమ్మకి ఏది పనికొస్తుందో మాత్రం తేలలేదు. ఆవిడ ఏది అడిగినా "తవరిష్టమమ్మా" అంటుంది. అన్నమా, చపాతీయా అంటే అదే మాట. ఇంటికి వెళ్తావా, ఇంకొన్నాళ్లు ఉంటావా అని డాక్టరుగారు అడిగినా అదే మాట. దాంతో ఇంటికి పంపే కాగితం మూడు నెలలుగా అలాగే ఉండిపోయింది.

మంగళవారం పొద్దున చంద్రావతి పెద్ద నర్సు సలోమమ్మగారిని పట్టుకుంది.

"ఎంచుకోమంటే ఎంచుకోదు. ఉన్నట్టే ఒప్పుకుంటే ఇక్కడే ఉండిపోతుంది. ఏ పద్ధతి సిస్టర్?"

"సాయంత్రం టీకి రా," అన్నారావిడ.

ఆ వార్డు టీ గురించి ఒక మాట చెప్పాలి. పాలూ పంచదారా వంటగదిలోనే కలిపేసి పెద్ద కెటిల్లో పంపేవారు. రుచి సంగతి అడక్కండి, వేడిగా మాత్రం ఉండేది. ఎవరికెంత తీపి కావాలో అడిగే ఆచారం ఆ గోడల లోపల లేదు. ఆ రోజు సలోమమ్మగారు, వంటాయన సణుగుతున్నా, పంచదార విడిగా డబ్బాలో తెప్పించారు.

"ఎన్ని చెంచాలు వరహాలమ్మా?"

"తవరిష్టమమ్మా."

సలోమమ్మగారు తల ఊపి, డబ్బాని ఇద్దరి మధ్యా పెట్టి, తనూ వేసుకోకుండా తాగారు. వరహాలమ్మా తాగింది. మర్నాడూ అంతే.

మూడో రోజు చంద్రావతి ఉండబట్టలేక వరహాలమ్మ గ్లాసులో రెండు చెంచాలు వేసి కలిపేసింది. వరహాలమ్మ అది తాగి, గోడవైపు తిరిగి పడుకుంది.

"పాపం, చేదుగా తాగుతోందని..." అని నసిగింది చంద్రావతి.

"నేనూ చేదే తాగుతున్నాగా. నా మీద జాలి వెయ్యలేదేం?"

శుక్రవారం టీ మీద మీగడ కట్టింది. వరహాలమ్మ తన గ్లాసులోకి చూసింది. పక్కనున్న సలోమమ్మగారి గ్లాసులోకి చూసింది.

"తవరెందుకమ్మా చప్పటిది తాగుతారు?"

"నువ్వు తాగుతున్నావుగా."

వరహాలమ్మ గ్లాసు కింద పెట్టింది. తర్వాత డబ్బా మూత తీసింది.

"నాకు మూడు. మా ఇంట్లో అందరూ తిట్టేవోరు, అయినా మూడే."

తను మూడు వేసుకుని, సలోమమ్మగారిని అడిగి ఆవిడకి ఒకటి వేసింది.

చంద్రావతి గబగబా నోట్సు తెరిచింది. "సిస్టర్, ఇది ఏ వైపు రాయాలి?"

సలోమమ్మగారు నోరు విప్పేలోపే వరహాలమ్మ చెంచా నిండా పంచదార తీసి పట్టుకుంది.

"నీకెన్ని పాపా?"

"మీ ఇష్..." అనబోయి చంద్రావతి ఆగిపోయింది.

చెంచా అలాగే గాల్లో ఉంది. సలోమమ్మగారు టీ ఊదుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరికీ తొందర లేదు.