మూత లేని పెట్టె

మా పాలిటెక్నిక్‌లో కోదండపాణి మాస్టారిది ఒకటే పట్టు. ఆయన ల్యాబులో పిల్లలు ఏ యంత్రం చేసినా దాని సర్క్యూట్ బొమ్మ మూత లోపల అంటించాలి. ఎవరైనా చూసి చేసుకోవచ్చు. చేసుకున్నవాళ్లూ తమ మూతలో బొమ్మ పెట్టాలి. దాన్నే ఓపెన్ సోర్స్ లైసెన్స్ అంటారట. నాకు చదువు అంతంతమాత్రమే. కాని ఆ ల్యాబు తాళాలు నా మొలకే వేలాడేవి. చూసింది చూసినట్టు చెబుతాను.

తులసీరామ్ అనే శిష్యుడు ఇళ్లలో దోమల్ని కాల్చే హైవోల్టేజి యంత్రం చేశాడు. తెలివైనవాడే. నన్ను మాత్రం ఏనాడూ పేరుతో పిలవలేదు, "ఏమోయ్" అనేవాడు. అది నేను మరవను. ఒక కంపెనీ ఆ యంత్రం కొంటానంది. బొమ్మ ఎవరికీ చూపకూడదు, లోపలంతా గట్టి జిగురు పోసి పూడ్చెయ్యాలి, అదీ షరతు. సాయంత్రానికల్లా మాస్టారు సంతకం పెట్టకపోతే బేరం పోతుంది.

"నా బుర్రతో చేసింది ఊరందరికీ ఎందుకు పంచాలండీ?" అని అడిగాడు.

మాస్టారు నా వైపు తిరిగారు. బీరువాలోంచి నల్ల పెట్టె ఒకటి నా చేత తెప్పించారు. అన్ని పక్కలా జిగురుతో పూడ్చిన పెట్టె. పైన రెండు ఇత్తడి మేకులు, వాటిని కలిపి కట్టిన రాగి తీగ. ఆ తీగ విప్పి, కరెంటు ఎక్కించి, వైర్లన్నీ పీకేశారు. మిగిలిన కరెంటును నేలలోకి దించే ఎర్త్ కర్ర మేకులకు ఆనించగానే ఫట్‌మని నీలి మెరుపు. చచ్చిందిలెండి అని నవ్వాడు తులసీరామ్.

టీలు తాగాం. పెట్టెను పక్కన పెడదామని అతను చెయ్యి చాపాడు. ముంజేతి మీది వెంట్రుకలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. మాస్టారు కర్ర అడ్డుపెట్టి మేకులకు ఆనించారు. మళ్లీ ఫట్‌మంది. దానికి ఏ వైరూ లేదు. తర్వాత లోపల్నుంచి ఎవరో గోటితో గీకుతున్నట్టు సన్నని చప్పుడు. కాసేపాగి మళ్లీ ఆనించారు. మళ్లీ మెరిసింది.

కుర్రాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నిలవున్న ఛార్జి దానంతటదే ఆరడానికి లోపల రెసిస్టర్ ఉందా అని అడిగాడు. బొమ్మ లేదు. కోసి చూద్దామంటే ఎక్కడ కొయ్యాలో తెలీదు.

"మరి ఇది పూర్తిగా ఎప్పుడు చస్తుందండీ?"

"చేసినవాడికే తెలియాలి నాయనా," అన్నారు మాస్టారు. "దీన్ని ఎత్తబోయే పోయాడు."