లంక ఎలకకు ఇద్దరే పిల్లలెందుకు?

ఒకప్పుడు, ఆషాఢ బహుళ తదియ, శనివారం. పొద్దున్నుంచీ ముసురు, పడమటిగాలి. గోదారికి ఎర్రనీరు వచ్చింది. ఏ సంవత్సరమో అడక్కండి. ఎలకలు సంవత్సరాలు లెక్కపెట్టేవి కావు, నిండా ఏడాది బతికితేగా!

అప్పట్లో ఎలకలన్నీ ఉసిరికాయంతే ఉండేవి. ప్రతి తల్లీ కాన్పుకు ముందు వాటాలు వేసుకునేది: పిల్లికి మూడు, పాముకు మూడు, గూబకు రెండు, ఇంటికి రెండు. అలా పదీ కనేది. అది వాళ్ళ ఆచారం.

ఆ వరదకు ఒక గడ్డివాము కొట్టుకుపోయి, ఏటి మధ్య లంకకు తగులుకుంది. అందులోంచి చూలాలు కొర్రమ్మ, ఆమె మొగుడు జొన్నయ్య దిగారు. లంక నిండా రెల్లుగడ్డి. రెల్లు పూస్తే చూడాలి, మబ్బు నేలకు దిగినట్టుంటుంది! సరే, కథలోకి వద్దాం.

కొర్రమ్మ పది కంది. పిల్లి రాలేదు. మళ్ళీ పది కంది. పామూ రాలేదు.

"ఏమయ్యా, వాటాదారులు ఒక్కరూ రారేం?"

"దారి తప్పారేమో. ఆచారం ఆచారమే, నువ్వు కను!"

"కనేది నేనైతే నీకేం, ఎన్నయినా చెబుతావు!"

పిల్లలకూ పిల్లలు పుట్టారు. లంకలో గింజలు నిండుకున్నాయి. కొర్రమ్మ ఆఖరి కాన్పులో బతికి మిగిలింది నూక అనే పిల్ల ఒక్కతే. మళ్ళీ కాన్పు రావాలని దానికీ పాలు మాన్పించారు. అది లేచి నిలబడలేకపోతోంది.

"రెల్లమ్మా, నాలుగు గింజలు రాల్చవే!" అని ఏడ్చింది కొర్రమ్మ.

"ఉన్నవన్నీ రాల్చేశాను తల్లీ," అంది రెల్లు. "ఇక్కడ పిల్లి అనేదే లేదు. దాని వాటా కూడా నువ్వు కంటే నేనెక్కణ్ణుంచి మేపను?"

కొర్రమ్మ నూకను పొట్టకిందికి లాక్కుంది.

"ఇక ఇంటి వాటాయే కంటాను. అదీ ఈ పిల్ల గట్టిపడ్డాకే."

"ఒడ్డునున్న మనవాళ్ళు నవ్వుతారే!"

"నవ్వనీ! గోదారి హోరులో మనకేం వినపడుతుంది?"

నూక కడుపారా పాలు తాగి లేచింది. కొర్రమ్మ కూతుళ్ళూ తల్లి దారే పట్టారు. మళ్ళీ రెల్లు పూచేసరికి తినే నోళ్ళు తగ్గాయి, గింజలు మిగిలాయి. నూక నిదానంగా పెరిగి గుప్పెడంత అయింది. కొర్రమ్మ మీసాలు తెల్లబడ్డాయి. ఎలకల్లో అలా జరగడం అదే మొదలు.

అప్పటినుంచే లంక ఎలకలు ఆలస్యంగా, ఇద్దరేసి పిల్లల్నే కంటాయి. పెద్ద ఒళ్ళూ, తీరుబడీ, దీర్ఘాయువూ నూక సంతానానికి దక్కాయి. ఒడ్డు ఎలకలకు పిల్లలతో కిటకిటలాడే బొరియలూ, పరుగెత్తే కాళ్ళూ దక్కాయి. తెల్లమీసం మాత్రం వాటిలో ఒక్కదానికీ దక్కలేదు.