మూడురాళ్ళ పొయ్యి తల్లి వ్రత కథ

పొయ్యి చుట్టు చేరి, అక్షతలు కుడిచేత నుంచుకొని, పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని, కథ ముగియువరకు లేవక వినుడు.

పూర్వమొక వర్షాకాలమున ఏరు పొంగి అరణ్యకేతు మహాముని ఆశ్రమమును తుడిచిపెట్టుకొని పోయెను. ఆయన శిష్యులతో కూడ ఒక కొండచరియ క్రింద తలదాచుకొని, తడిసిన పుల్లలను నిప్పుసెగకు ఆరబెట్టుచుండెను. అప్పుడు వారిలో సుధృతి యను ముని చేతులు జోడించి యిట్లడిగెను: "స్వామీ, ఇల్లున్నవారికి వ్రతములు పెక్కు చెప్పితిరి. పీట, కలశము, మామిడాకులు, మంటపము, ఇవన్నియు ఇల్లుంటేనే కదా అమరును. వరద వచ్చి, గాలివాన వీచి, ఊరు తగులబడి కట్టుబట్టలతో బయటపడినవారు ఏ వ్రతము చేయుదురు? వారి పిల్లల కడుపులో నాలుగు మెతుకులు పడుట యెట్లు?"

అరణ్యకేతు చేతిలోని పుల్లను మంటలో నుంచెను. పిదప ఇట్లు చెప్పెను.

"నాయనా, మూడురాళ్ళ పొయ్యి తల్లి యని ఒక దేవత గలదు. ఆమెకు గుడి లేదు, రూపము లేదు. ఆపదలో ఎవరు మూడు రాళ్ళు పెట్టి నిప్పు రాజేసినను, ఆమె పొగకు అవతలివైపున వచ్చి కూర్చుండును. ఆమె మహిమ తెలుపు కథ చెప్పెదను, వినుము.

"గోదావరి పాయల నడుమ మొగలిలంక యను ఊరు గలదు. అందు కోటప్ప యను రైతు, అతని భార్య నరసమాంబ, వారి చిన్నకూతురు బంగారి కాపురముండిరి. కోటప్ప తల్లి సూరమాంబ ఏటేట ఒక నోము పట్టెడిది. వరదనీటితో ఏరు ఎర్రబడకముందు ఒకనాడు ఇంటిపొయ్యి రాజేయక, వాకిట మూడు రాళ్ళు పెట్టి, ఒక్క కుండలో బియ్యము, పెసరపప్పు, ఉప్పు వేసి పులగము వండెడిది. మొదటి ముద్ద నిప్పుకు వేసి, మొదటి విస్తరి ఆ వేళకు ఎవరు వచ్చిన వారికి వడ్డించెడిది. ఎండుపుల్లల మోపును, ఉప్పుకుండను, చెకుముకిరాయిని ఏడాది పొడవునా అటకమీద పొడిగా ఉంచెడిది.

"ఆమె అవసానకాలమున కోడలిని చేరబిలిచి, 'అమ్మాయ్, ఆ రాళ్ళు కదపమాకు. ఏటా ఓసారి బయట వొండు. ఆవిడొచ్చి తింటాది' అనెను.

"'ఎవరొస్తారత్తా?' అని నరసమాంబ అడిగెను.

"'ఎవరని అడక్కూడదమ్మా' అని చెప్పి ఆమె కన్నుమూసెను.

"నరసమాంబకు తన యింటిమీద మక్కువ యెక్కువ. ఇత్తడిగిన్నెలు బంగారము వలె తోమించి వరుసగా పేర్పించెను. ఇంత వంటిల్లుండగా వాకిట రాళ్ళమీద వండుట దిక్కులేనివారి పని యని తలచి, నోము మానెను. ఎండుపుల్లల మోపును అరిసెల వంటకు తగులబెట్టించెను. మూడు రాళ్ళను నూతి దగ్గర బట్టలుతుకుటకు వేయించెను. కొన్ని యేండ్లు ఏమియు జరుగలేదు. ఏమియు జరుగనందున ఆమె ఆ మాటయే మరచెను.

"ఒక శ్రావణమున మిట్టమధ్యాహ్నము గట్టు తెగెను. ఊరివారు పడవలెక్కి అవతలి యొడ్డుకు పోయిరి. నరసమాంబ మాత్రము తన పట్టుచీరెలున్న టేకుపెట్టెను, ఇత్తడిగిన్నెలను విడువజాలక వాటిని మోయించుకొనుటలో ఆలస్యము చేసెను. పడవలు వెళ్ళిపోయెను. కోటప్ప చేతికందిన బియ్యము, పప్పు, ఉప్పు ఒక కుండలో వేసికొని, చెకుముకిరాయి తీసికొనగా, ముగ్గురును ఊరి చివరనున్న పాటిదిబ్బ యెక్కి నిలిచిరి. చుట్టును ఎర్రనీరు. వారి యింటి కప్పు కూడ మునిగిపోయెను.

"మరునాడు వాన కొంచెము తెరపి యిచ్చినప్పుడు నరసమాంబ మూడు ఇత్తడిగిన్నెలు బోర్లించి, వాటిపై కుండ నుంచి, తుప్పలు విరిచి మంట పెట్టెను. మంట లేచెను. ఎంతసేపు చూచినను కుండలో నీరు కదలలేదు. ఆమె మంటలో చేయి పెట్టి చూచెను. బావినీటిలో చేయి పెట్టినట్లు చల్లగా నుండెను. పొగకు వాసన లేదు. బియ్యము అడుగున గులకరాళ్ళవలె పడియుండెను. ఆమె ఆ మాట మగనికి చెప్పక, బిడ్డ కంటబడకుండ కాలని చేతిని కొంగులో దాచుకొనెను.

"ఆకలికి బంగారి ఏడ్చి యేడ్చి ఊరకుండెను. అప్పుడు కోటప్ప లేచి నిలిచి నీటివైపు చూపెను. వారి యిల్లు మునిగినచోట, నీటి నడుమనుండి సన్నని పొగ నిటారుగా లేచుచుండెను. చినుకులు పడుచున్నను ఆ పొగ చెదరలేదు. అన్నము ఉడుకుచున్న కమ్మని వాసన దిబ్బవరకు వచ్చెను.

"'నరసమ్మా, మనింట్లో పొయ్యెలిగింది, సూడు' అనెను కోటప్ప.

"'ఇల్లు నీళ్ళలో ఉందండీ. ఎవరెలిగిస్తారు?'

"'అమ్మ కామోసు. వార్చేసినట్టుంది. సల్లారిపోద్ది, నే పోయొస్తా.'

"ఆమె అతని చేయి పట్టుకొనెను. అతడు విదిలించుకొనలేదు, తన చేతిలో చేయి యున్నదనియే ఎరుగనివానివలె నడిచిపోయెను. మోకాళ్ళు మునిగెను, నడుము మునిగెను. ఇంటి గడప దాటువాడు వంగినట్లు తల వంచెను. నీరు అతనిమీద మూసికొనెను. ఒక బుడగయు లేవలేదు.

"అంతట బంగారి లేచి, 'నాకూ పెడతానంటందమ్మా నాయనమ్మ' అనెను. నరసమాంబ వెంటనే బిడ్డ మణికట్టును తన కొంగుతో ముడివేసి, తడినేలపై కూలబడి, అత్తగారి మాట తలచుకొని, 'తల్లీ, ఎవరని అడగను. వొండి పెడతాను. నిప్పియ్యి' అని మ్రొక్కెను.

"పిదప ఆమె ఇత్తడిగిన్నెలను తీసి అవతల పడవేసెను. గోళ్ళతో దిబ్బను త్రవ్వగా మూడు రాళ్ళు దొరికెను. వాటికి ఒకవైపున మసి పట్టియుండెను. ఏనాటి వరదలోనో ఎవరో అచ్చట వండుకొనిరి. ఆ మసి ఆమె వ్రేళ్ళకు అంటెను. తడిమట్టిలో ఎన్నేండ్లున్నదో గాని ఇంకను వెచ్చగా నుండెను. గాలి వచ్చువైపు సందు విడిచి రాళ్ళు పేర్చెను. టేకుపెట్టె మూతను రాతితో కొట్టి చీల్చి, లోపలి పొడిచెక్కను సన్నని పేళ్ళుగా చేసెను. తడినేల తగులకుండ అడుగున చెక్కలు పరచి, పైన పేళ్ళు పేర్చి, పట్టుచీరెలను గాలికి అడ్డుగా కట్టెను. నిప్పు అంటెను. సెగ మొగమునకు తగిలినప్పుడు ఆమెకు కన్నీరు వచ్చెను.

"పులగము ఉడికెను. మొదటి ముద్ద నిప్పుకు వేసెను. గాలి లేకయే పొగ ఒకవైపునకు వంగెను. అవతల ఒక స్త్రీ కూర్చుండియుండెను. తడిజుట్టు మొగము మీద పడియుండెను. చీర చెంగునుండి నీరు కారుచుండెను గాని ఆమె కూర్చున్న చోట నేల పొడిగా నుండెను. నరసమాంబ నోటికి వచ్చిన ప్రశ్నను మ్రింగి, ఆకులో పులగము పెట్టి ముందర నుంచెను. ఆ స్త్రీ తల యెత్తక తినెను.

"'ఉప్పు సరిపోయిందామ్మా?'

"'సరిపోయింది. ఇంకో ఆకెయ్యి' అని ఆమె నీటివైపు మొగము త్రిప్పెను.

"కోటప్ప నీళ్ళలోనుండి నడిచి వచ్చుచుండెను. వచ్చి ఆకు ముందర కూర్చుండి, నోటిలోని ఇసుక ఉమిసి, ముద్ద కలిపెను. ఎక్కడికి పోతివని భార్య అడుగగా, 'నేనెక్కడికి పోయాను? ఇక్కడే ఉన్నాగా' అనెను. ఆమె మరల పొగకు అవతల చూచునప్పటికి అచ్చట ఎవరును లేరు.

"నీరు తీసిన పిదప వారు ఇంటికి పోయి చూచిరి. వంటింట బురద క్రింద పొయ్యిలో బూడిద వెచ్చగా నుండెను. పొయ్యిమీద సూరమాంబ కుండలో ఇసుక, అన్నమువలె మెత్తగా ఉడికి, వార్చబడియుండెను. నరసమాంబ దానిని ఏటిలో కలిపి వచ్చి, ఆ నోమును మరల పట్టెను. పొలము పండెను, పాడి పెరిగెను, కొత్త యిల్లు లేచెను.

"బంగారి పెద్దదైన పిదప ఒకయేడు, నోమునాడే పెండ్లివారు పిల్లను చూడవచ్చిరి. వారందరును వాకిట కూర్చుండియుండగా, మొగముమీద ముసుగు వేసికొనిన ఒక స్త్రీ వచ్చి పొయ్యి దగ్గర నిలిచెను. ఆమె బట్టలనుండి బురదవాసన కొట్టుచుండెను. పెండ్లివారిలో ఒకామె ముక్కు మూసికొనెను. నరసమాంబకు సిగ్గు కలిగెను.

"'ఎవరమ్మా నువ్వు? పేరేంటి?' అని అడిగెను.

"'నరసమాంబ.'

"'ఏ ఊరు?'

"'మొగలిలంక.'

"'ఎవరి కోడలివి?'

"'సూరమాంబ కోడల్ని' అని ఆమె ముసుగు తొలగించెను. ఆ మొగము నరసమాంబ మొగమే. చాలనాళ్ళు నీళ్ళలో నానినట్లు తెల్లగా నుండెను. ఇంకెవరికిని అది కనబడలేదు. నరసమాంబ చేతిలోని గరిటె జారి పడెను. వంగి తీసికొని లేచునప్పటికి, ఆ బురదబట్టలు తన ఒంటిమీద నుండెను, వాకిట పెండ్లివారు మాటలాపి తనవైపు చూచుచుండిరి.

"కోటప్ప ఎదురు వచ్చి మర్యాదగా, 'ఎవరమ్మా నువ్వు? ఏ ఊరు?' అని అడిగెను.

"ఆమె నవ్వబోయెను. అతడు నవ్వలేదు. బంగారి దగ్గరకు పోగా, పిల్ల బెదరి తండ్రి వెనుకకు చేరెను. వంటింటిలో గాజుల చప్పుడు వినబడెను. తన గొంతుతో ఎవరో, 'ఏమండీ, ఆవిడకి గుప్పెడు బియ్యం పెట్టి పంపెయ్యండి' అనిరి.

"నరసమాంబ ఊరు విడిచి గట్టువెంట నడిచెను. ఎవరైన పేరడిగిన చెప్పబోవును. నోటినుండి నీరే వచ్చును, మాట రాదు. నీటిలో చూచుకొనిన మొగము కనబడదు. ఏ యింటిముందర నిలిచినను ఎవరి దానవని అడిగి పంపివేసిరి. తాను అడిగిన మాటలే తనకు ఇంటింట ఎదురయ్యెను. అట్లు వానలు వెలిసి, చలి వచ్చి, ఎండలు ముదిరెను.

"ఒకనాటి సాయంకాలము ఆమె, తాటాకు ఇండ్లు తగులబడిపోయిన ఒక పల్లెకు చేరెను. జనము పొలములో చెల్లాచెదరుగా కూర్చుండిరి. ఇండ్లు కాల్చిన నిప్పును చూచి భయపడి, పొయ్యి రాజేయుటకు ఎవరికిని చేతులాడలేదు. పసివారు పచ్చిబియ్యము నమలుచుండిరి. నరసమాంబ ఎవరితోను పలుకక మూడు రాళ్ళు తెచ్చెను. గుంట తీసి గాలికి చాటు చేసెను. మాడిన కుండలో నీరు పోసి ఎసరు పెట్టెను. నిప్పు ఆమె చేతికి లొంగెను. వచ్చినవారికెల్ల పెట్టుచుండెను, ఒక్కరి మొగమైనను పరికించి చూడలేదు.

"తనకని మిగిలిన ముద్ద ఆకులో పెట్టుకొనునంతలో, ఎదుట ఒక స్త్రీ వచ్చి కూర్చుండెను. తన చీర, తన గాజులు, తన మొగము. ఆ యిల్లు, ఆ మగడు, ఆ బిడ్డ, అన్నియు అడుగవలెనని నరసమాంబకు తోచెను. అడుగక ఆకును ముందరకు జరిపి, 'తినమ్మా, వేడిగా ఉంది' అనెను. చాలనాళ్ళకు ఆమె గొంతు ఆమెకు వినబడెను.

"ఆ స్త్రీ మెతుకు మిగులక తిని, 'కడుపు నిండింది. నీ పేరు బరువుగా ఉందే. తీసుకుపో' అని పొగలో కలిసిపోయెను.

"అంతలో గట్టుమీదనుండి కోటప్ప కేక వినబడెను. అతడు రొప్పుచు వచ్చి, 'నరసమ్మా, పెళ్ళోరిని కూకోబెట్టి ఇంత దూరం వొచ్చేసేవేటి? పులగం మాడిపోతాంది' అనెను. ఆమె తన పాదముల పగుళ్ళను, నెరసిన జుట్టును చూచుకొనెను. అతనికేమియు చెప్పక లేచి, 'పదండి, అక్కడ ఇంకెవరైనా తినాలేమో' అని అతని వెంట నడిచెను. బంగారి పెండ్లి శుభముగా జరిగెను."

అరణ్యకేతు ఇట్లు చెప్పి ముగించెను. సుధృతి ముని ఆ కొండచరియ క్రిందనే ఈ వ్రతము చేసి, శిష్యుల ఆకలి తీర్చెను.

లంకలలో నున్నవారు, ఏటి యొడ్డున, సముద్రపు టొడ్డున కాపురముండువారు, తాటాకు ఇండ్లవారు, దూరప్రయాణము పోవువారు, కొత్తగా ఇల్లు కట్టుకొనినవారు, ఇల్లు పోగొట్టుకొనినవారు ఈ వ్రతము తప్పక చేయవలెను. ఆడువారును మగవారును చేయవచ్చును. పిల్లలచేత పుల్లలు పేర్పించి నేర్పవలెను. చేసినవారికి తడిలోను నిప్పు రాజుకొనును, కొంచెము బియ్యము పదిమందికి చాలును, తప్పిపోయినవారు తిరిగివత్తురు. విన్నవారికి ఆపదలో చేయి వణకదు. చదివినవారి యింట గిన్నె వట్టిపోదు. మాటలో తప్పున్నను తల్లి మన్నించును. ముద్దలో తక్కువ చేయరాదు.

ఇప్పుడు అక్షతలు నిప్పులో వేసి, మంటను నీళ్ళతో చల్లార్చి, బూడిదలో చేయి పెట్టి చూచి లేవుడు. లేచి వెళ్ళునప్పుడు ఇక్కడ మనము ఎంతమందిమి కూర్చున్నామో లెక్కపెట్టవద్దు.