కంట్రోల్ తొట్లు

"మాస్టారూ, ఇంతకీ మీది ఏ శాస్త్రం?" అని తనూజ ఓ సాయంత్రం అడిగేసింది.

చాలా రోజులుగా నాలుక చివర ఆడుతున్న ప్రశ్నే అది. ఆచార్య ముసునూరి భుజంగరావు గారు చదువుకున్నది భౌతికశాస్త్రం. అచ్చయిన పరిశోధనా వ్యాసాలు చూస్తే మాత్రం ఒకటి దోమ రెక్కల చప్పుడు మీద, ఇంకొకటి గుండె కవాటం మీద, మరొకటి వరికి పట్టే తెగులు మీద. ఇంకా వెతికితే, పాత గోడల మీది రంగులు ఎందుకు పెచ్చులూడతాయన్న సంగతి మీద కూడా ఉంది. ప్రతిదానికీ తోడుగా రాసిన మనుషులు వేరు, వాళ్ళ ఊళ్ళు వేరు. యూనివర్సిటీలో గిట్టనివాళ్ళు, ఆయన అన్నిట్లోనూ వేలు పెడతాడు, దేన్లోనూ చెయ్యి పెట్టడు అని నవ్వుకునేవారు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న పిల్లకు ఆ మాట చెవిన పడితే గుచ్చుకోదూ మరి!

మాస్టారు అడిగిన ప్రశ్నకు అడిగినప్పుడు జవాబు చెప్పే మనిషి కాదు. టీ గ్లాసు పక్కన పెట్టి, "చూద్దాంలే అమ్మా" అన్నారు.

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. చాలామందికి అది చాదస్తంగా తోచేది. రెండు శాఖలవాళ్ళు కలిసి పని మొదలుపెట్టే ముందు ఆయన అందర్నీ ఒక చోట కూర్చోబెట్టేవారు. ఎవరేం చెయ్యబోతున్నారో తమ శాస్త్రం మాట ఒక్కటీ వాడకుండా, ఇంట్లో అమ్మకు చెప్పినట్టు చెప్పమనేవారు. పేరున్న డాక్టర్లు కూడా అక్కడ నీళ్ళు నమిలేవారట. తనూజ తన వంతు వచ్చేసరికి ఆ కూర్చోవడం ఎగ్గొట్టింది. మాస్టారు ఊళ్ళో లేరు, రొయ్య పిల్లలు వచ్చేశాయి, తొట్లు నిండాయి, ఇప్పుడీ ముచ్చట్లు ఎందుకని పనంతా ఫోన్లోనే కానిచ్చేసింది.

ఆమె పని రొయ్యల మేత మీద. సముద్రపు బురదలోంచి తీసిన ఒక సూక్ష్మజీవిని పొడి చేసి మేతలో కలిపితే రొయ్యలు జబ్బు పడకుండా ఏపుగా పెరుగుతాయని ఆమె నమ్మకం. థీసిస్ అంతా ఆ పొడి మీదే కట్టుకుంది, వేసవిలోగా అది ఇచ్చెయ్యాలి. కిటికీ వైపు తొట్లలో పొడి కలిపిన మేత, గోడ వైపు తొట్లలో మామూలు మేత. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లూ, వేడీ ఉప్పూ కొలిచే పరికరాలూ చూసుకోవడానికి ఇంజనీరింగ్ విభాగం నుంచి మస్తాన్‌వలీ అనే ఆయన వచ్చాడు. గోడ వైపువి కంట్రోల్ అండీ అని ఈమె ఫోన్లో చెప్పింది. అలాగే మేడమ్, కంట్రోల్‌లోనే పెడతాను అని అతనన్నాడు. ఇద్దరూ హాయిగా ఫోన్లు పెట్టేశారు.

రొయ్యలు తీసి తూచిన రోజున తనూజకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. పొడి తిన్నవి సన్నగా, నీరసంగా ఉన్నాయి. తినని గోడ వైపు రొయ్యలు మాత్రం పెళ్ళివారిలా బలిసి కూర్చున్నాయి! అంటే తన పొడి మేలు చెయ్యకపోగా కీడు చేసిందన్నమాట. కళ్ళనీళ్ళు ఆపుకుని పరికరాల లెక్కలు తిరగేసింది. గోడ వైపు తొట్లకు రేయింబవళ్ళు గాలి అందింది, వేడి ఇసుమంత అటూ ఇటూ కాలేదు. కిటికీ వైపు తొట్లకు మాత్రం మామూలు చెరువుల్లో లాగే గాలి ఒక పూట అందితే ఒక పూట అందలేదు. దుఃఖం కాస్తా కోపమైంది. తన యంత్రం గొప్ప చూపించుకోవడానికి ఈ మనిషి నా బతుకుతో ఆడుకున్నాడు అనుకుంది.

తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఇక ఎవరి పొత్తూ వద్దు, మొదట్నుంచీ ఒక్కదాన్నే చేసుకుంటాను, వ్యాసంలోంచి ఆ మస్తాన్‌వలీ పేరు తీసేస్తాను, గడువు దాటిపోతే నా ఖర్మ అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మాస్టారు అంతా విన్నారు. తప్పు నీదనీ అనలేదు, అతనిదనీ అనలేదు. ఆమెను తొట్ల గదికి తీసుకెళ్ళి, మస్తాన్‌వలీకి కబురు పెట్టి, మూడు టీలు చెప్పారు.

అతనూ ముఖం ముడుచుకునే వచ్చాడు. పండగ పూట కూడా ఇంట్లో చీవాట్లు తిని ఆ తొట్ల దగ్గరే పడి ఉన్నవాడు. రొయ్యలు తూచినప్పట్నుంచీ మేడమ్ పలకరిస్తే పలకడం లేదని అతని బాధ. ఎడముఖం పెడముఖంగా కూర్చున్న ఇద్దర్నీ మాస్టారు కాసేపు చూశారు.

"అమ్మాయ్, గోడ వైపు తొట్లను ఏం చెయ్యమన్నావు?"

"కంట్రోల్‌గా ఉంచ..."

"ఆ మాట వద్దు. ఇంట్లో చెప్పినట్టు చెప్పు."

తనూజ ఆలోచించింది. చిన్న మాటే, కానీ రావడానికి సమయం పట్టింది. "వాటిని ఏమీ చెయ్యొద్దన్నాను మాస్టారూ. ఎప్పట్లా వదిలెయ్యమన్నాను. పొడి వేసినవాటిని వాటితో పోల్చి చూడ్డానికి."

మస్తాన్‌వలీ చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"నీకేం అర్థమైంది నాయనా?" అన్నారు మాస్టారు.

"మా దగ్గర కంట్రోల్ అంటే వదలకూడదని సార్. గాలి తగ్గితే పెంచాలి, వేడి పెరిగితే దించాలి, క్షణం కూడా ఏమరకూడదు. మేడమ్‌కి ఆ తొట్లే ముఖ్యం కాబోలనుకున్నాను."

తనూజ ముఖం సిగ్గుతో ఎర్రబడింది. వదిలెయ్యమని ఈమె చెబితే, వదలకుండా పట్టుకోమని అతను విన్నాడు. ఇద్దరూ అన్నది ఒకే మాట. తప్పు నాది సార్ అని అతను అనబోతుంటే, కాదు, మొదట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన రోజు ఎగ్గొట్టింది నేనేనని తనూజ ఒప్పేసుకుంది. ఒప్పుకున్నాక గుండె తేలికైంది. ముందు ఆమెకే నవ్వొచ్చింది, ఆ తర్వాత అతనికి, ఇక ఇద్దరికీ ఆగలేదు.

నవ్వులయ్యాక మస్తాన్‌వలీయే అడిగాడు, ఒట్టి గాలికే ఇంతలా పెరిగితే గాలీ పొడీ రెండూ కలిస్తే ఏమవుతుందని. తనూజకు ఆ ఊహ అంతవరకూ రానేలేదు. ఇద్దరూ తొట్ల గది నేల మీద సుద్దముక్కతో గీతలు గీసుకుంటూ వాదించుకుంటుంటే మాస్టారు లేచి వెళ్ళిపోయారు, ఎప్పుడు వెళ్ళారో వాళ్ళు చూడలేదు. థీసిస్ గడువు పొడిగించమని విభాగంలో మాట్లాడి వచ్చింది కూడా ఆయనే. ఇంకో పంట కాలం పట్టింది. ఈసారి తొట్ల మీద ఇంగ్లీషు మాట లేదు. పొడివి, గాలివి, రెండూ కలిసినవి, వదిలేసినవి అని పెద్దక్షరాలతో రాసుకున్నారు. పొడి పనిచేసింది. కాకపోతే గాలి సరిగా ఆడిన చోటే చేసింది, చెయ్యడం మాత్రం ఆమె ఆశపడ్డ దానికన్నా బాగా చేసింది. ఇద్దరూ కలిసి రాసిన వ్యాసం అచ్చుకు వెళ్ళబోయే రోజున తనూజ సంతోషంతో నేల మీద నిలవలేకపోయింది.

అచ్చుకు పంపే ముందు మాస్టారికి చూపించడానికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఆయన గది బయట బల్ల మీద ఒక కళ్ళ డాక్టరూ, వాతావరణ శాఖాయనా ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా గోడలు చూస్తున్నారు. లోపల మాస్టారు వ్యాసం ఆసాంతం చదివి, బాగుందని తల ఊపి, పెన్ను తీసి రాసినవాళ్ళ పేర్లలోంచి తన పేరు కొట్టేశారు.

తనూజ కంగారుపడింది. ఇదంతా మీ చలవే కదా మాస్టారూ, మీ పేరు లేకుండా ఎలా అంది.

ఆయన కాగితాలు ఆమె చేతికిచ్చి, బయట బల్ల వైపు నడుస్తూ అన్నారు: "మీ ఇద్దరికీ మాట కలిసింది కదమ్మా. ఇక అక్కడ నాకేం పని?"